అంతా దేవుడు ముందే నిర్ణయించేస్తే నా ఇష్టానికి చోటెక్కడ? ఈ ప్రశ్నని ఎలా చదువుకోవాలి, ఎలా మోయాలి

విశ్వాసుల్లో దాదాపు ప్రతి ఒక్కరికీ ఏదో ఒక రోజు ఈ ప్రశ్న వస్తుంది. దేవుడికి అన్నీ ముందే తెలుసు, అన్నీ ఆయన చిత్తప్రకారమే జరుగుతాయి అంటే మరి నేను తీసుకునే నిర్ణయాలకి అర్థం ఏంటి, ప్రార్థన చేసినా చేయకపోయినా జరిగేది జరుగుతుంది కదా, రక్షణ పొందేవాళ్ళని ముందే ఏర్పరచుకుంటే మిగతావాళ్ళ తప్పేంటి అని. నాకు పందొమ్మిదేళ్ళప్పుడు వచ్చింది. ఒకరిని అడిగితే అలాంటివి అడగకూడదు అన్నారు, ఇంకొకరిని అడిగితే పది నిమిషాల్లో తేల్చేశారు, రెండిట్లో ఏదీ నాకు నిలబడలేదు. తర్వాత ఏళ్ళ తరబడి చదువుతూ, చిన్న చిన్న బైబిల్ స్టడీ గ్రూపుల్లో వేరేవాళ్ళతో కలిసి చదువుతూ నాకు కుదిరిన పద్ధతి ఇక్కడ రాస్తున్నా. చివర్లో ఇదీ ఆన్సర్ అని ఒక్క లైన్ దొరుకుతుందని మాత్రం అనుకోవద్దు, రెండువేల ఏళ్ళుగా నాకంటే ఎంతో భక్తి, ఎంతో చదువు ఉన్నవాళ్ళు దీని మీద విడిపోయారు. కానీ ఈ ప్రశ్నతో ఎలా బతకాలో, వాక్యం దగ్గర ఎలా కూర్చోవాలో మాత్రం నేర్చుకోవచ్చు.

అన్నిటికంటే ముందు, ఈ ప్రశ్న మీకు ఎక్కడి నుంచి వచ్చిందో చూసుకోండి. ఇది స్కిప్ చేస్తే మిగతాదంతా వేస్ట్ అవుతుంది, నిజంగా. కొంతమందికి ఇది లాజిక్ ప్రశ్న, రెండు మాటలు ఎలా పొసుగుతాయి అనే ఆలోచన, వాళ్ళకి పుస్తకాలు పనికొస్తాయి. కొంతమందికి ఇది సాకు. మానాల్సిన పాపం ఒకటి మానలేక, దేవుడే నన్ను ఇలా చేశాడు అనడానికి ఒక వాక్యం వెతుక్కుంటున్నారు, అలాంటప్పుడు ఎన్ని పుస్తకాలు చదివినా లాభం లేదు, ముందు ఆ పాపం సంగతి చూసుకోవాలి. ఇంకొంతమందికి ఇది భయం. రాత్రి నిద్ర పట్టక, నేను ఏర్పరచబడినవాళ్ళలో లేనేమో, నా విశ్వాసం ఉత్తదేమో అని లోపల కుమిలిపోతుంటారు. నా అనుభవంలో ఈ మూడోరకం వాళ్ళు బయటికి మొదటిరకం వాళ్ళలాగే మాట్లాడతారు, రోమా తొమ్మిదో అధ్యాయం గురించి తెగ వాదిస్తారు, కానీ లోపల అడుగుతున్నది వేరు. మీరు ఈ మూడోరకం అయితే ముందు ఒక్క వచనం తీయండి, యోహాను 6:37. అందులో రెండు సగాలున్నాయి. తండ్రి నాకు అనుగ్రహించే వాళ్ళందరూ నా దగ్గరికి వస్తారు అనేది మొదటి సగం, నా దగ్గరికి వచ్చేవాణ్ణి నేను ఎంతమాత్రం బయటికి తోసేయను అనేది రెండో సగం. మొదటి సగం దేవుడి పని, అందులోకి మీరు తొంగి చూడలేరు. రెండో సగం మీకు ఇచ్చిన మాట, దాన్ని మీరు పట్టుకోవచ్చు. ముందస్తు నిర్ణయం గురించి అంత గట్టిగా రాసిన పదహారో శతాబ్దపు సంఘ సంస్కర్త కాల్విన్ కూడా మనం ఏర్పరచబడ్డామా లేదా అన్నది మనలో మనం వెతుక్కుంటే దొరకదని, క్రీస్తే అద్దమని, ఆయన్ని చూసే తెలుసుకోవాలని రాశాడు. అంటే ఈ ఉపదేశాన్ని మోసినవాళ్ళే భయపడేవాళ్ళని పరలోకం రిజిస్టర్ దగ్గరికి కాదు, క్రీస్తు దగ్గరికే పంపించారు.

ఇప్పుడు మాటలు విడదీసుకుందాం. మన గొడవల్లో సగం మాటల కలగాపులగం వల్లే.

ముందే తెలియడం వేరు, ముందే నిర్ణయించడం వేరు, ఏర్పరచుకోవడం వేరు. వీటన్నిటికంటే వేరైనది తలరాత. మన భాషలో పుట్టి పెరిగినవాళ్ళకి దేవుడు ముందే నిర్ణయించాడు అనగానే మనసులో వచ్చే బొమ్మ నుదుటి మీద రాత. రాసినవాడు రాసేసి వెళ్ళిపోయాడు, ఇంక చేసేదేం లేదు, ఏడ్చినా మారదు. బైబిల్లో ఉన్న బొమ్మ అది కాదు. తలరాతకి ముఖం ఉండదు, మనం మాట్లాడితే వినదు. ఎఫెసీ మొదటి అధ్యాయంలో పౌలు చెప్పేది ఒక తండ్రి తన ఇంటికి పిల్లల్ని దత్తత తీసుకోవాలని ముందే అనుకోవడం గురించి, అదీ ప్రేమతో అని రాశాడు. ఒకటి రాత, ఒకటి తండ్రి మనసులో ఉన్న ప్లాన్. ఈ తేడా మనసుకి ఎక్కకపోతే ఎన్ని వచనాలు చదివినా తలరాత కళ్ళద్దాల్లోంచే చదువుతాం.

కొత్త నిబంధనలో ముందుగా నిర్ణయించడం అనే అర్థంలో వచ్చే గ్రీకు మాట ప్రొఒరిజో, అంటే ముందే హద్దు గీయడం. ఇది మొత్తం ఆరుసార్లే వస్తుంది. అపొస్తలుల కార్యములు 4:28, రోమా 8:29, 8:30, 1 కొరింథీ 2:7, ఎఫెసీ 1:5, 1:11. ఈ ఆరూ ఒక నోట్‌బుక్‌లో రాసుకుని ప్రతిదాని పక్కనా ఒకే ప్రశ్న వేయండి, దేనికోసం నిర్ణయించాడు? అని. కుమారుడి పోలికలోకి మారడానికి, పిల్లలుగా స్వీకరించబడడానికి, వారసత్వానికి, సిలువ జరగడానికి, మన మహిమ కోసం దాచిన జ్ఞానానికి. ఈ మాట వాడిన ఆరుచోట్లా ఫలానావాడు నాశనానికి అని లేదు. నాశనం వైపు కూడా నిర్ణయం ఉందని చెప్పేవాళ్ళు దాన్ని వేరే చోట్ల నుంచి, ముఖ్యంగా రోమా 9 నుంచి, 1 పేతురు 2:8 లాంటి వచనాల నుంచి చెప్తారు, ఆ వాదనని కూడా గౌరవంగా వినాలి, కానీ ఈ ఆరిట్లో లేనిది ఈ ఆరిట్లో చదవొద్దు.

తర్వాత పని కాస్త టైం పడుతుంది, ఒక నెల పెట్టుకోండి. రెండు రంగుల పెన్నులు తీసుకోండి. దేవుడు నిర్ణయిస్తాడు, నడిపిస్తాడు అనే వచనాలకి ఒక రంగు, మనిషి ఎంచుకోవాలి, జవాబు చెప్పుకోవాలి అనే వచనాలకి ఇంకో రంగు. మొదటి రంగుకి యోహాను 6:44, సామెతలు 16:9, ఎఫెసీ 1 లాంటివి వస్తాయి. రెండో రంగుకి జీవాన్ని కోరుకోండి అనే ద్వితీయోపదేశకాండము 30:19, ఎవర్ని సేవిస్తారో ఈరోజే తేల్చుకోండి అనే యెహోషువ 24:15, యెరూషలేము పిల్లల్ని కోడి రెక్కల కింద చేర్చుకున్నట్టు చేర్చుకోవాలని ఎన్నిసార్లు అనుకున్నానో మీరే ఒప్పుకోలేదు అని యేసు అన్న మత్తయి 23:37, అందరూ రక్షణ పొందాలని దేవుడు కోరుతున్నాడనే 1 తిమోతి 2:4 వస్తాయి. మామూలుగా అందరూ ఇక్కడే ఆగి, నీకు పది వచనాలు నాకు పన్నెండు అని లెక్కేసుకుంటారు. మీరు ఆగకండి. రెండు రంగులూ ఒకే వచనం మీద పడే చోట్లు వెతకండి. అసలు విషయం అక్కడే ఉంది.

ఎందుకంటే మన బుర్ర పని చేసేది వాటాల్లో. ఒక పనిలో దేవుడి వాటా ఎంత, మన వాటా ఎంత, ఆయన తొంభై శాతం చేస్తే మనకి పది మిగులుతుంది, ఆయన వంద చేస్తే మనకి సున్నా. ఆస్తి పంపకం లాగా. నాకు ఇన్నేళ్ళలో అర్థమైంది ఏంటంటే బైబిల్ ఈ లెక్కే వేయదు. ఒకే పని మొత్తం దేవుడిది, అదే పని మొత్తం మనిషిది అన్నట్టు మాట్లాడుతుంది, ఎలా అని వివరించడానికి ఆగదు కూడా.

యోసేపు కథ చూడండి. అన్నలు గోతిలో పడేశారు, అమ్మేశారు, ఏళ్ళ తర్వాత తండ్రి చనిపోయాక భయంతో వచ్చి కాళ్ళ మీద పడ్డారు. ఆదికాండము 50:20లో యోసేపు అన్నమాట, మీరు నాకు కీడు చేయాలనుకున్నారు, దేవుడు దాన్నే మేలుకి ఉద్దేశించాడు, చాలామందిని బతికించడానికి. ఒకే అమ్మకం, రెండు ఉద్దేశాలు. మీరు చేసింది దేవుడు తర్వాత సరిచేశాడు అని మాత్రమే అని ఉంటే మనకి ఈజీగా ఉండేది, కానీ దేవుడు ఉద్దేశించాడు అన్నాడు. అలాగని మీ తప్పేం లేదు అని కూడా అనలేదు, కీడు అనే పిలిచాడు. సిలువ దగ్గర ఇది ఇంకా పదునుగా ఉంటుంది. అపొస్తలుల కార్యములు 2:23లో పేతురు ఒకే వాక్యంలో దేవుడు నిశ్చయించిన సంకల్పం ప్రకారం అప్పగించబడ్డాడు అంటాడు, మీరు దుష్టుల చేత చంపించారు అంటాడు. విన్నవాళ్ళలో ఒక్కడు కూడా అయితే మేమేం చేశాం, దేవుడి ప్లానే కదా అనలేదు, గుండెలో పొడిచినట్టయి మేమేం చేయాలి అని అడిగారు. ఆ రెండు ప్రశ్నలకీ మధ్య ఎంత దూరముందో చూడండి.

ఇశ్రాయేలు జనాన్ని వదలనన్న ఐగుప్తు రాజు ఫరో సంగతికి ఒక సాయంత్రం పూర్తిగా ఇవ్వండి. నిర్గమకాండము 4 నుంచి 11 దాకా కూర్చుని చదువుతూ ఫరో హృదయం గురించి వచ్చిన ప్రతి మాటా మూడు గడుల్లో రాయండి, దేవుడు కఠినపరచాడు, ఫరో తనే కఠినపరచుకున్నాడు, ఊరికే కఠినమైంది. నేను మొదటిసారి ఇలా రాసినప్పుడు ఆశ్చర్యపోయాను. నేను కఠినపరుస్తాను అని దేవుడు 4:21లోనే మోషేకి చెప్పేశాడు, ఇంకా ఒక్క తెగులు కూడా రాకముందు. కానీ తెగుళ్ళు మొదలయ్యాక కప్పలు పోయి కాస్త ఊపిరి ఆడగానే 8:15లో ఫరో తనే గుండె రాయి చేసుకున్నాడు, 8:32లో మళ్ళీ తనే. యెహోవా కఠినపరచాడు అని తెగుళ్ళ మధ్యలో మొదటిసారి స్పష్టంగా వచ్చేది ఆరో తెగులు దగ్గర, 9:12లో. ఇక్కడితో ఆపితే ముందు వాడే చేసుకున్నాడు, తర్వాత దేవుడు వాణ్ణి దానికే వదిలేశాడు అని ఒక చక్కటి క్రమం చెప్పేయొచ్చు, చాలామంది చెప్తారు కూడా. కానీ 9:34కి వస్తే ఫరో మళ్ళీ తనే కఠినపరచుకుని పాపం చేశాడని ఉంది, వెంటనే 10:1లో దేవుడు నేనే వాడి హృదయాన్ని కఠినపరచాను అంటాడు. పక్కపక్క వచనాలు, ఒకే గుండె గురించి. మీరు ఏ పక్షం అయినా సరే మీ థియరీకి ఇక్కడ ఒక ముల్లు గుచ్చుకుంటుంది. ఆ ముల్లుని పీకేయకండి, నోట్‌బుక్‌లో దాని పక్కన ఒక గుర్తు పెట్టుకోండి.

రోమా 9 గురించి ఒక్క రూల్ చెప్తాను, దాన్ని ఎప్పుడూ ఒంటరిగా చదవొద్దు. 9, 10, 11 మూడూ ఒకే సిట్టింగ్‌లో, వీలైతే బయటికి చదవండి. కుమ్మరి, మట్టి, కరుణించాలనుకున్నవాణ్ణి కరుణిస్తాను, ఇవన్నీ తొమ్మిదిలో ఉన్నాయి, అవి గట్టి మాటలే, వాటిని మెత్తబరచాల్సిన పని లేదు. కానీ ఆ అధ్యాయం మొదలయ్యేది ఎలా? పౌలు ఏడుపుతో. నా సొంత జనం కోసం నేను క్రీస్తు నుంచి వేరైపోయి శాపం పాలైనా సరే అనేంత దుఃఖంతో. 10:1కి వచ్చేసరికి అదే జనం రక్షణ పొందాలని దేవుడికి ప్రార్థన చేస్తున్నానంటాడు. దేవుడి ఏర్పాటు గురించి ఇప్పుడే అంత రాసినవాడు ప్రార్థన మానలేదు చూడండి. 10:14లో ప్రకటించేవాడు లేకపోతే ఎలా వింటారు అని అడుగుతాడు. 11 చివరికొచ్చేసరికి వాదన ముగించి ఆయన జ్ఞానం ఎంత లోతు అని ఆరాధనలో పడిపోతాడు. కాబట్టి ఎవరైనా రోమా 9 చదివి కళ్ళు తడవకుండా, ఎవరికోసమూ ప్రార్థన చేయకుండా, ఆరాధించకుండా లేచి వెళ్తే వాళ్ళు పౌలు రాసింది ఇంకా చదవనట్టే లెక్క. కొంచెం కటువుగా అన్నానేమో కానీ నేను వాదనలో గెలిచి ఇంటికి వెళ్ళిన రాత్రులు కొన్ని ఉన్నాయి, వాటిల్లో ఒక్కసారి కూడా ప్రార్థన కుదర్లేదు, అందుకే అంటున్నా.

ఇంత చదివాకే చరిత్రలోకి వెళ్ళండి, ముందు కాదు. ముందే ఒక పేరు తగిలించుకుంటే ఆ పేరుకి తగ్గ వచనాలే కనబడతాయి.

చరిత్ర టూకీగా. ఐదో శతాబ్దంలో పెలాగియస్ అనే ఆయన మనిషి తలుచుకుంటే దేవుడి ఆజ్ఞలు పాటించగలడని బోధించాడు, అగస్టీన్ (354–430) లేదు, పాపంలో పడ్డ మనిషి చిత్తమే బందీ అయింది, కృప ముందు వచ్చి విడిపించాలి అన్నాడు. 418లో కార్తేజ్‌లో జరిగిన సభ పెలాగియస్ బోధని తిరస్కరించింది. 529లో ఆరెంజ్ సభ విశ్వాసం మొదలయ్యేది కూడా కృపవల్లే అని చెప్తూ, దేవుడు ఎవరినైనా చెడుకి ముందుగా నిర్ణయించాడు అనేవాళ్ళని కూడా ఖండించింది. ఆ రెండో సంగతి చాలామందికి తెలియదు. తూర్పు సంఘాలు మాత్రం ఈ గొడవలోకి అంతగా రాలేదు, వాళ్ళు కృప, మనిషి చిత్తం కలిసి పని చేయడం గురించే ఎక్కువ మాట్లాడారు. ఎనిమిదో శతాబ్దపు దమస్కు యోహాను దేవుడికి అన్నీ ముందే తెలుసు కానీ అన్నిటినీ ముందే నిర్ణయించడు అన్నాడు. తర్వాత 1524లో ఎరాస్మస్ అనే క్యాథలిక్ పండితుడు స్వేచ్ఛా చిత్తం ఉందని రాస్తే 1525లో ప్రొటెస్టెంట్ సంస్కర్త లూథర్ చిత్తం బందీ అని జవాబు రాశాడు, అందులోనే పనికిమాలిన విషయాలు వదిలేసి అసలు కీలకం పట్టుకున్నందుకు ఎరాస్మస్‌ని మెచ్చుకున్నాడు కూడా.

రక్షణకి దేవుడి ఏర్పాటే ఆధారం అనే కాల్వినిస్టులు, దేవుడి కృపని మనిషి ఒప్పుకోవచ్చు, కాదనొచ్చు అనే ఆర్మీనియన్లు అని మనం రోజూ వినేది దీని తర్వాతి కథ. నెదర్లాండ్స్‌లో ఆర్మీనియస్ అనే వేదాంత పండితుడు 1609లో చనిపోయాడు, మరుసటి ఏడు 1610లో ఆయన పక్షంవాళ్ళు ఐదు అంశాలతో ఒక వినతి ఇచ్చారు, దానికి జవాబుగా 1618–19లో డార్ట్ సభ తన తీర్మానాలు చేసింది. అంటే కాల్వినిస్టుల ఐదు పాయింట్లు అని అందరూ చెప్పేవి అసలు ఆ ఐదిటికి ఇచ్చిన జవాబులు, కాల్విన్ కూర్చుని రాసిన లిస్ట్ కాదు, ఆయన 1564లోనే పోయాడు. ఇది తెలిస్తే వాటిని చదివే తీరే మారుతుంది. జవాబు చదివేటప్పుడు ప్రశ్న ఏంటో కూడా చూడాలి కదా.

ఈ దశలో నేను గ్రూపులో పెట్టే ఎక్సర్‌సైజ్ ఒకటుంది. మీరు ఒప్పుకోని పక్షం మాటని, ఆ పక్షంవాడు విని అవును, మేం చెప్పేది ఇదే అనేలా రాయాలి. చాలా కష్టం. ఆర్మీనియన్లు మనిషి తన బలంతో రక్షణ పొందుతాడు అంటారు అని రాస్తే ఫెయిల్, ఎందుకంటే ఆర్మీనియస్ కూడా, తర్వాత మెథడిస్టుల నాయకుడు వెస్లీ కూడా కృప ముందుగా వచ్చి మనిషిని కదిలించకపోతే మనిషి ఒక్క అడుగు వేయలేడనే చెప్పారు, కాకపోతే ఆ కృపని ఎదిరించే వీలు మనిషికి ఉందన్నారు. కాల్వినిస్టులు మనిషిని బొమ్మ అంటారు అని రాస్తే అదీ ఫెయిల్. 1646 నాటి వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణం మూడో అధ్యాయం మొదట్లోనే దేవుడి సంకల్పం వల్ల మనుషుల చిత్తం మీద బలవంతం జరగదని, దేవుడు పాపానికి కర్త కాడని స్పష్టంగా ఉంది. క్యాథలిక్కుల్లో కూడా ఇదే పెద్ద గొడవ. మొలీనా అనే జెస్యూట్ (ఒక క్యాథలిక్ సన్యాస సంఘంవాడు) 1588లో ఒక పుస్తకం వేశాడు, ఎవరు ఏ పరిస్థితిలో ఉంటే తమంతట తాము ఏం చేస్తారో దేవుడికి ముందే తెలుసని, ఆ తెలివితోనే లోకాన్ని నడిపిస్తాడని. డొమినికన్లు అనే ఇంకో సన్యాస సంఘంవాళ్ళు ఎదురు తిరిగారు, ఏళ్ళ తరబడి రోములో విచారణ జరిగి చివరికి 1607లో ఐదో పాల్ పోపు ఏ పక్షాన్నీ ఖండించకుండా ఒకర్నొకరు తప్పుబట్టుకోవద్దని చెప్పి పంపించేశాడు. మొలీనా పక్షంవాళ్ళు ఎక్కువగా చూపించేది 1 సమూయేలు 23. దావీదు కెయీలాలో ఉండి సౌలు వస్తాడా, ఈ ఊరివాళ్ళు నన్ను పట్టిస్తారా అని అడిగితే వస్తాడు, పట్టిస్తారు అని దేవుడు చెప్పాడు. దావీదు వెళ్ళిపోయాడు, సౌలు రాలేదు, ఎవరూ పట్టించలేదు. మరి దేవుడికి తెలిసింది ఏంటి? కూర్చుని ఆలోచించండి, మంచి వ్యాయామం.

స్వేచ్ఛ అనే మాట కూడా ఒకసారి విప్పి చూడాలి. అర్ధరాత్రి పసిబిడ్డ ఏడిస్తే తల్లి లేస్తుంది. లేవకుండా ఉండగలదా? ఆ తల్లి మనసుకి అది కుదిరే పని కాదు. అలాగని ఎవరైనా బలవంతం చేశారా? లేదు, తనంతట తానే లేచింది, తన మొత్తం మనసుతో లేచింది. స్వేచ్ఛ అంటే మనసారా కోరుకున్నది చేయడం అనుకుంటే ఆ తల్లికి పూర్తి స్వేచ్ఛ ఉన్నట్టు, కాల్విన్ పక్షంవాళ్ళు ఎక్కువగా మాట్లాడేది ఈ స్వేచ్ఛ గురించి. స్వేచ్ఛ అంటే ఇంకోలా కూడా చేయగలిగి ఉండడం అనుకుంటే లెక్క వేరు, ఆర్మీనియన్లు పట్టుబట్టేది దాని కోసం, అది లేకపోతే తీర్పు న్యాయం ఎలా అవుతుంది అని. ఇద్దరూ స్వేచ్ఛ అనే ఒక్క మాటే వాడుతూ గంటలకొద్దీ వాదించుకోవడం నేను చూశాను. ముందు ఏ అర్థంలో అంటున్నారో అడగండి.

అలాగే దేవుడికి ముందే తెలిసినంత మాత్రాన ఆయన చేయించినట్టు కాదు అని ఒక జవాబు అందరూ చెప్తారు. ఆరో శతాబ్దపు తత్వవేత్త బోయెథియస్ కాలం నుంచీ ఉన్నదే, దేవుడు కాలానికి పైనుంచి అన్నిటినీ ఇప్పుడు జరుగుతున్నట్టే చూస్తాడు, చూడడం వల్ల పని జరగదు కదా అని. మంచి జవాబే, కొంతవరకు. కానీ దాన్ని అన్నిటికీ మందులాగా వాడొద్దు. ఆయన చూసేవాడు మాత్రమే కాదు, చేసినవాడు కూడా, ఇదంతా ఇలా జరుగుతుందని తెలిసే లోకాన్ని సృష్టించాడు. కాబట్టి ఆ జవాబుతో ప్రశ్న ఒక మెట్టు వెనక్కి జరుగుతుంది అంతే. ఇది నిజాయితీగా ఒప్పుకుంటే ఎదుటివాళ్ళకి మన మీద నమ్మకం పెరుగుతుంది.

ఇక రోజూవారీ బతుకులో దీన్ని వాడే తీరు. ప్రార్థన మొదటిది. దేవుడు పని ఎలా జరగాలో నిర్ణయిస్తే ఆ పనికి దారిగా ప్రార్థనని కూడా పెట్టుకున్నాడని కాల్వినిస్టులు అంటారు, ప్రార్థనకి దేవుడు నిజంగా స్పందిస్తాడని ఆర్మీనియన్లు అంటారు, మోకాళ్ళ మీద ఉన్నప్పుడు ఇద్దరి మాటా ఒకేలా వినిపిస్తుంది. సువార్త సంగతీ అంతే. దేవుడు ఏర్పరచుకున్నవాళ్ళని ఆయనే రక్షిస్తాడని నమ్మే బాప్టిస్టుల్లోంచే విలియం కేరీ అనే మిషనరీ 1793లో బెంగాల్‌కి ఓడెక్కాడు, ఆ నమ్మకం ఆయన్ని ఇంట్లో కూర్చోబెట్టలేదు. వెస్లీ, ఆయన తోటి ప్రసంగికుడు, కాల్వినిస్టు అయిన వైట్‌ఫీల్డ్ ఇదే విషయం మీద బహిరంగంగా విడిపోయారు, ఘాటుగా రాసుకున్నారు, అయినా 1770లో వైట్‌ఫీల్డ్ చనిపోయాక ఆయన కోరిక ప్రకారం లండన్‌లో ఆయన స్మారక ప్రసంగం చేసింది వెస్లీయే. మీ సంఘంలో దీని మీద రెండు గుంపులైతే ఆ కథ చెప్పండి.

ఉద్యోగం, పెళ్ళి లాంటి నిర్ణయాల దగ్గర దేవుడు రాసిన ఆ ఒక్క దారి ఏదో కనిపెట్టాలి, తప్పితే అంతా పాడు అని గడ్డకట్టిపోవద్దు. దాచిన సంగతులు యెహోవావి, బయలుపరచినవి మనవి, మన పిల్లలవి అని ద్వితీయోపదేశకాండము 29:29లో ఉంది. తెలియజేసినదాన్ని బట్టి నడవండి, పెద్దల్ని అడగండి, ప్రార్థించి నిర్ణయం తీసుకోండి.

ఇక చావు ఇంట్లో. ఇది చాలా ముఖ్యం, దయచేసి వినండి. బిడ్డని పోగొట్టుకున్న ఒక తల్లి దగ్గర కూర్చుని ఒకరు, దేవుడు ముందే నిర్ణయించాడమ్మా, ఏడవకూడదు అనడం నా కళ్ళారా చూశాను. ఆవిడ ఏడుపు ఆపేసింది. ముఖం గోడవైపు తిప్పుకుంది. చాలా రోజులు బైబిల్ ముట్టుకోలేదు. ఆ మాట సిద్ధాంతంగా తప్పా ఒప్పా అన్నది పక్కన పెట్టండి, లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసు ఆ సమాధి దగ్గర కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ఏం జరగబోతోందో పూర్తిగా తెలిసినవాడే ఏడిస్తే మనమెవరం ఏడవొద్దని చెప్పడానికి. అక్కడికి వెళ్తే పక్కన కూర్చోండి, వంట చేయండి, చేయి పట్టుకోండి. యోసేపు మేలు అనే మాట అన్నది కూడా ఎన్నో ఏళ్ళ తర్వాత, అదీ తన బాధ గురించి తనే అన్నాడు, వేరేవాళ్ళ బాధ గురించి కాదు.

చివరిగా చదవాల్సింది అపొస్తలుల కార్యములు 27. నేను ఎవరికి ఈ విషయం నేర్పినా దీన్ని ఆఖరికి ఉంచుతాను, నెమ్మదిగా చదవమంటాను. పౌలు ఖైదీగా ఓడలో వెళ్తున్నాడు, తుఫాను, చాలా రోజులు సూర్యుడు కనబడలేదు, నక్షత్రాలు కనబడలేదు, బతుకుతామనే ఆశ పోయింది. ఒక రాత్రి దేవదూత వచ్చి నీతో ఉన్నవాళ్ళందరినీ దేవుడు నీకు ఇచ్చాడు అని చెప్పాడు. పౌలు అందరికీ ధైర్యం చెప్పాడు, ఓడ పోతుంది కానీ ఒక్క ప్రాణం కూడా పోదు అని. అంటే నిర్ణయం అయిపోయింది, మాట వచ్చేసింది. తర్వాత ఓడవాళ్ళు లంగర్లు వేస్తున్నట్టు నటిస్తూ చిన్న పడవ దించి పారిపోబోయారు. అప్పుడు అదే పౌలు శతాధిపతితో, సైనికులతో ఏమన్నాడు? వీళ్ళు ఓడలో ఉండకపోతే మీరు తప్పించుకోలేరు అన్నాడు. ఒక్క ప్రాణం పోదు అని చెప్పిన నోటితోనే. దేవుడు చెప్పాడుగా, పోతే పోనీ అనలేదు. సైనికులు కత్తితో తాళ్ళు కోసేశారు, పడవ సముద్రంలో కొట్టుకుపోయింది. తెల్లవారుతుంటే పౌలు, పద్నాలుగు రోజులుగా ఏమీ తినలేదు, తినండి, మీరు బతకడానికి ఇది అవసరం అన్నాడు. రొట్టె పట్టుకుని దేవుడికి కృతజ్ఞతలు చెప్పి విరిచి తనే ముందు తిన్నాడు. ఓడలో 276 మంది. తిని కడుపు నిండాక ఓడ తేలిక చేయడానికి గోధుమలు సముద్రంలో పారబోశారు.

ఇక్కడ ఆగి రెండు పెన్నులూ తీయండి. మాట ఇచ్చింది దేవుడు. తాళ్ళు కోసింది సైనికులు. రొట్టె విరిచింది పౌలు. ఖైదీల్ని చంపేద్దామన్న సైనికుల్ని ఆపింది శతాధిపతి, పౌలుని కాపాడాలని అతనికి అనిపించింది కాబట్టి. ఇందులో దేవుడి వాటా ఎక్కడ అయిపోయి మనుషుల వాటా ఎక్కడ మొదలైందో గీత గీసి చూపించండి అని నేను గ్రూపులో అడుగుతాను, ఇప్పటిదాకా ఎవరూ గీయలేకపోయారు. ఓడ ఇసుకలో ఇరుక్కుని వెనక భాగం అలలకి బద్దలైపోతోంది. ఈత వచ్చినవాళ్ళు ముందు దూకారు. రానివాళ్ళు పలకలు, ఓడ చెక్కలు ఏది దొరికితే అది పట్టుకున్నారు. అందరూ ఒడ్డుకి చేరారు.